గుడ్డముక్కల ప్రకారం పంపకం

దర్జీ పని నేర్చి, కుట్టుషాపు పెట్టి, అరవై ఎనిమిదో ఏట అడుగుపెట్టిన నేను, మనసు కుదురుగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితం గురించి రాయిస్తున్న వీలునామా ఇది. "కత్తెర పేరే గుర్తులేదు, అక్క రాసింది చెల్లుతుందా?" అని మా తమ్ముడు నలుగురిలో అంటున్నాడు కాబట్టి ముందు ఆ సంగతి తేలుస్తాను.

నాకొచ్చిన జబ్బులో మొదట వస్తువుల పేర్లు పోతాయి. తర్వాత ఆ వస్తువేమిటో కూడా తెలియకుండా పోతుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ నలభై బొమ్మలు చూపిస్తే పదకొండింటికి పేర్లు చెప్పాను. కత్తెర బొమ్మకు పేరు తట్టలేదు గానీ, కత్తెర చేతికివ్వగానే కాగితంలో గౌను మెడ కత్తిరించాను. బాగుందని ఆవిడ ఇంటికి పట్టుకెళ్లింది. ఎవరికేమివ్వాలో నాకు బాగా తెలుసని ఆవిడ రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను.

మా షాపులో ప్రతి కొలతల చీటీకీ ఆ బట్టలోంచి ఒక ముక్క పిన్నుతో గుచ్చుతాం. పేరు చెరిగిపోయినా బట్ట ఎవరిదో తెలిసిపోతుంది. ఈ పంపకమూ అంతే. ప్రతి వస్తువుకూ ఒక గుడ్డముక్క కట్టాను, దాని జోడు ఈ కాగితానికి కుట్టాను. పేర్లు లాయరుగారు రాశారు. పేరుకూ ముక్కకూ తేడా వస్తే ముక్కనే నమ్మాలి. పంపకం జరిపించే బాధ్యత కూడా ఆయనదే.

1. షాపు, రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల నా కోడలికి.

2. ఇల్లు మా అబ్బాయికి. వాడికి గుండీ కుట్టుకోవడం రాదు, అలగడం మాత్రం వచ్చు. షాపు గురించి అలగొద్దు.

3. తమ్ముడికి వాడి పెళ్లి కోటు. బిగుతుగా కుట్టానని ఇరవై ఆరేళ్ల క్రితం నా మొహాన కొట్టి వెళ్లాడు. నా కొలత తప్పలేదు, వాడి పొట్టే ఆగలేదు. పోయిన నెల కూర్చుని వదులు చేశాను. నేను పోయేదాకా ఆగక్కర్లేదు, ఈరోజే తీసుకోవచ్చు.

4. గుంటలున్న చిన్న ఇత్తడి టోపీ. లాయరుగారు అంగుస్తానా అని రాశారు. పోయిన పరీక్షలో డాక్టరమ్మ దీన్ని నా అరచేతిలో పెడితే, పిట్టలకు నీళ్లు పోసే గిన్నె అన్నాను. నలభై ఏళ్లు నా వేలికే ఉందట. ఆరోజు మాత్రం ఏడ్చాను. కోడలు దాన్ని తన వేలికి తొడుక్కుని, మందపాటి గుడ్డలోకి సూది నెట్టి, "ఇదిగో అత్తయ్యా, దీని పని ఇదీ" అంది. కాబట్టి అది ఆమెదే.

5. షరతు ఒక్కటే. నేను బతికుండగా "నేనెవర్ని, చెప్పు చూద్దాం" అని ఎవరూ నన్ను అడగకూడదు. తమ్ముడు వచ్చినప్పుడల్లా అదే పని. అడిగినవాళ్లు కోటైనా ఇల్లైనా కోడలికి వదులుకోవాలి. పరీక్షలు పెట్టడానికి డాక్టరమ్మ ఉంది. మీరు ఫలానా అని మీరే చెప్పి నా పక్కన కూర్చోండి. రోజూ చెప్పండి. నేను సుఖంగా బతికాను, మీరొచ్చారని విన్న ప్రతిసారీ సంతోషిస్తాను.

మార్చి పద్నాలుగు, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు, చదివించుకుని విని, నా చేత్తో పెట్టిన సంతకం.

సాక్షులు:
డాక్టరమ్మ.
తమ్ముడు. కోటు సరిపోయింది. అక్కా, నేను నీ తమ్ముణ్ని.