చెయ్యి వదులు చెయ్యి

అత్తా,

ఈ కోడిగీతలు చూసి కంగారుపడకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. అందుకే వాక్యాలు పొట్టివి. నా నోట్లోంచి మాట రావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలని నువ్వు ఎగతాళి చేసేదానివి. ఇప్పుడు చెయ్యి కూడా నోటికి తోడైంది.

కట్టు విప్పారు. ఎముక అతికింది. మోచెయ్యి మాత్రం సగం వంగిన చోటే బిగుసుకుపోయింది. పూర్తిగా చాపలేను, నోటి దాకా తేలేను. ఒంటిచేత్తో జడ వేసుకోవడం రాక జుట్టు కత్తిరించేసుకున్నాను. చూసి తిట్టకు.

ఆస్పత్రిలో నాతో వ్యాయామాలు చేయించే ఆవిడని అందరూ కోణాల మేడమ్ అంటారు. ఆవిడ జేబులో రెండు కాళ్ల కోణమానిని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాంతో కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలుస్తుంది. తొలిరోజు నన్ను అడిగింది, "మోచెయ్యి ఏ రకం కీలు?" అని. "మడత బందు కీలు" అన్నాను. "పుస్తకం బాగానే బట్టీపట్టావే" అని నవ్వింది.

తర్వాత చెప్పిన సంగతి పుస్తకంలో చదివిందే అయినా నా ఒంటి మీద ఎప్పుడూ పోల్చుకోలేదు. కీలు తనంతట తాను కదలదు. కండ లాగాలి. కండకి లాగడం ఒక్కటే వచ్చు, తోయడం రాదు. అందుకే ప్రతి కండకీ ఎదురుగా ఇంకో కండ. దండచేతి ముందున్నది లాగితే చెయ్యి వంగుతుంది, వెనకున్నది లాగితే చాపుకుంటుంది. ఒకటి లాగుతున్నప్పుడు రెండోది దారివ్వాలి. "నీకు రెండూ ఒకేసారి బిగుస్తున్నాయమ్మా. దెబ్బ తగిలిన చోటికి ఎవర్నీ రానివ్వకుండా కాపలా కాస్తున్నాయి. బలం సంగతి తర్వాత. ముందు చెయ్యి వదులు చెయ్యి" అంది.

మొదటి చెయ్యి నామవాచకం, చివరిది క్రియ. ఇంకెప్పుడైనా అయితే నవ్వుకునేదాన్ని. కానీ ఆ మధ్యలో ఉన్న మాట వింటే నా మోచెయ్యి ఇంకా బిగుస్తోంది. ఎందుకో నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నేను నిచ్చెన మీంచి జారిపడ్డానని నాన్న నీకు చెప్పాడు. జారలేదు. పెద్ద గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే ఉద్యోగం వచ్చిందని ముందురోజు సాయంత్రమే నాన్నకి చెప్పాను. ఆ ఊళ్లోనే ఉండాలని కూడా చెప్పాను. "ఇక్కడ పుస్తకాలు లేవా?" అన్నాడు. "ఉన్నాయి" అన్నాను. అంతే. మా ఇంట్లో గొడవంటే అంతే కదా. పొద్దున్నే అటక మీది పెట్టె దించుకుందామని నిచ్చెనెక్కాను. నాన్న మాట్లాడకుండా వచ్చి కింద పట్టుకున్నాడు. పైమెట్టు ఊగింది. ఊగుతోందని చెప్పాను. విన్నాడు. విని, నిచ్చెన వదిలేశాడు. పడుతూ చూశాను, ఆయన రెండు చేతులూ గాల్లో ఉన్నాయి.

ఇప్పుడు అవే చేతులు రోజూ పొద్దున నా చేతిని వంచుతున్నాయి. పిల్లలకి డ్రిల్లు నేర్పి నేర్పి ఆయనకి అదొక్కటే వైద్యం. మెడలో విజిల్ ఉంటుంది. మోచెయ్యి మోకాలికి ఆనించి, "మొక్కై వంగనిది మానై వంగునా! పళ్లు బిగబట్టు!" అంటూ నొక్కుతాడు. నేను పళ్లు బిగబడతాను. పళ్లతో పాటు అన్నీ బిగుస్తాయి.

ఇంట్లో ఎవరూ వంచకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది. నేను ఆవిడకీ చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ
పుస్తకాల పురుగు

---

అత్తా,

నీ జవాబు అందింది. "నిన్ను కింద పెడితే చీమలు కుడతాయన్నట్టు పెంచాడే వాడు, ఎందుకు వదులుతాడే? నోరు తెరిచి అడుగు" అని రాశావు. అమ్మ పోయాక మా ఇద్దర్నీ నువ్వే సాకావు, నీకు తెలియనిదేముంది. కాన్వెంటులో సిస్టర్లు నోటి మీద వేలు పెట్టుకోవడం నేర్పారు. తియ్యడం నేర్పలేదు.

మోచెయ్యి వాచింది. తాకితే వేడిగా ఉంది. మేడమ్ కోణమానిని పెట్టి చూసి, మళ్లీ పెట్టి చూసింది. మొన్నటి కంటే తక్కువ వంగుతోంది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్-రే తీయించింది. ఎముకల ముందు, కండ ఉండే చోట, పలచటి మబ్బులాంటి నీడ కనిపించింది. "దెబ్బ తిన్న కండని బలవంతాన వంచుతూ పోతే ఒక్కోసారి కండలోనే ఎముక పుడుతుంది. అప్పుడు నువ్వు వంచాలనుకున్నా వంగదు" అన్నాడాయన. తర్వాత ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

"ఇంట్లో ఎవరైనా వంచుతున్నారా?"

తలుపు సందులోంచి బయట బల్ల మీద నాన్న కనిపిస్తున్నాడు. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"లేదండీ" అన్నాను.

ఈ నీడ పెరిగితే ఆపరేషన్. అప్పటికి ఉద్యోగం ఉండదు. గ్రంథాలయం పెద్దాయన మంచివాడే, నా పీట ఖాళీగా ఉంచాడు. కానీ చిరిగిన కాగితానికి జిగురు పూసి, మడత మీద ఎముకపుల్లతో నున్నగా నొక్కడానికి రెండు చేతులు కావాలి. డాక్టరు చెయ్యి చూసి ఏ సంగతో తేల్చేదాకా ఆగుతానన్నాడు. ఆ తేల్చడం వచ్చే వారమే.

అత్తా, ఒక పాపిష్టి ఆలోచన చెబుతాను, చదివి చింపెయ్. నిన్న పొద్దున నాన్న నొక్కుతుంటే నొప్పికి కళ్లు తిరిగాయి. కళ్లు తెరిచేసరికి ఆయన నా మొహం చూడటం లేదు. మోచేతినే చూస్తున్నాడు. పందెంలో గెలవాల్సినదాన్ని చూసినట్టు. అప్పుడనిపించింది. ఈ చెయ్యి బాగయితే నేను వెళ్లిపోతాను. ఆయనకి తెలుసు. నిచ్చెన వదిలింది కూడా తెలిసే వదిలాడేమో. అనుకోకూడదు. కానీ అనుకోవడం మొదలుపెట్టాక ఆపడం రావట్లేదు.

సాయంత్రం నాన్న నా పళ్లెంలో అన్నం కలిపి చెంచా పక్కన పెట్టాడు. "కుడి చేత్తో ప్రయత్నించు" అన్నాడు. చెంచా నోటి దాకా రాలేదు. నేనే మెడ వంచి చెంచా దగ్గరికి వెళ్లాను. "పురుగుకి మెడ ఒక్కటే వంగుతుంది" అని నవ్వాడు. నవ్వుతూనే లేచి వెళ్లిపోయాడు. నాకు ఆ నవ్వు చూస్తే భయం వేసింది.

నిశ్చయించుకున్నాను. డాక్టరు చూసిన రోజు ఇంటికి వెళ్లను. ఆస్పత్రి నుంచి నేరుగా బస్సెక్కి నీ దగ్గరికి వస్తాను. వార్డెనుగారి మేనకోడలికి మీ హాస్టల్లో ఒక మంచం దొరక్కపోదు. నాన్నకి చెప్పను. ఆయన చెప్పి వదిలాడా?

నీ
పురుగు

---

అత్తా,

నేను బస్సెక్కలేదు. నువ్వు స్టాండులో ఎదురుచూసి ఉంటావు. క్షమించు. ఫోనులో చెబుదామంటే గొంతు రాలేదు. ఇది చదువు.

ఇవాళ డాక్టరు కంటే ముందు మేడమ్ చూసింది. నా చంకలో బట్టల సంచీ ఉంది, ఎందుకని అడగలేదు. తలుపు తీసి నాన్నని పిలిచింది. "మాస్టారూ, మీరూ రండి. డ్రిల్లు చెప్పేవాళ్లు కదా, మీ చెయ్యి ఒకసారి అరువివ్వండి" అంది. నాన్న మొహం వెలిగింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, కండ ఉబ్బించి చూపించాడు.

"భేష్. ఇప్పుడు రెండో చేత్తో వెనక తాకి చూడండి. ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది."

"అది మెత్తబడింది కాబట్టే ఇది వంగింది. ఇప్పుడు నేను మిమ్మల్ని కొట్టబోతున్నాననుకోండి."

చెయ్యెత్తింది. నాన్న ఉలిక్కిపడి బిగుసుకున్నాడు.

"ఇప్పుడు తాకండి. ముందూ వెనకా రెండూ రాయే. ఇప్పుడు నేను వంచితే ఏమవుతుంది?"

నాన్న చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "నేనే వంచుతున్నాను. రోజూ. అమ్మాయి మీతో చెప్పలేదు కదూ?" అన్నాడు.

"లేదు. వాపు చెప్పింది."

మేడమ్ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. నన్ను కూర్చోబెట్టి, నా ముంజేతిని తన రెండు అరచేతుల్లోకి తీసుకుంది. "మీరు చూస్తూ ఉండండి. నేను నొక్కను. దీని బరువు మొయ్యడమే నా పని. వంచుకోవడం తన పని" అంది. నా వైపు తిరిగి, రోజూ అనే మాటే అంది. "వదులు."

"ఆ మాట అనకండి!"

అరిచింది నాన్న. పక్క మంచం మీద మోకాలికి వ్యాయామాలు చేసుకుంటున్న ముసలాయన కూడా తలెత్తి చూశాడు. డ్రిల్లు గొంతు కాదది. నేనెప్పుడూ వినని గొంతు.

"ఆ రోజు నిచ్చెన మీద ఇది అదే మాట అంది. వదులు నాన్నా, వదులు అంది. ముందురోజు నుంచి కోపంగా ఉంది. నేను పట్టుకోవడం కూడా ఇష్టం లేదనుకున్నాను. పోనీలే, దాని ఇష్టమని..." చేతులు పైకెత్తి చూపించాడు. నేను పడుతూ చూసిన చేతులు. "వదిలేశాను."

అత్తా, నేను ఆ మాటే అన్నాను. అక్షరాలా అదే.

"మెట్టు, నాన్నా" అన్నాను. "మెట్టు వదులు అన్నాను. వదులుగా ఉందని."

నాన్న నన్ను చూశాడు. నేను నాన్నని చూశాను. మేడమ్ ఇద్దర్నీ చూసింది. "మీ ఇంట్లో మాటలు రేషను మీద ఇస్తారా?" అంది. ఎవరూ నవ్వలేదు. తర్వాత నాన్న నవ్వబోయాడు, అది నవ్వు కాలేదు. విజిల్ నోట్లో పెట్టుకుని పళ్లతో నొక్కిపట్టాడు. దాంట్లోంచి సన్నగా ఏదో శబ్దం వచ్చింది.

"నువ్వు వెళ్లాలి కదా" అన్నాడు విజిల్ తీసి. "నా వల్ల ఆగిపోకూడదని... గడువు దాటిపోతోందని... తొందరపడ్డాను."

ఆ తొందరని నేనేమనుకున్నానో నీకు తెలుసు. ఆ ఉత్తరం చింపేశావు కదూ?

మేడమ్ అరచేతుల్లో నా చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాని సంగతే మర్చిపోయాను. చూసేసరికి కొంచెం కిందికి వాలి ఉంది. ఆవిడ కోణమానిని తీసి ఆనించింది.

ఎక్స్-రేలో నీడ ఇంకా ఉంది. పెరిగిందో ఆగిందో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. వంచడం ఆపమన్నాడు. నా అంతట నేను కదిపినంతే. గ్రంథాలయానికి ఇంకొంత గడువు అడుగుతూ తనే రాసిచ్చాడు.

ఇంటికి రాగానే నాన్న పెరట్లో పడున్న నిచ్చెన దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పైమెట్టు పట్టుకుని కదిపాడు. మేకు ఊడి మెట్టు ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. ఇంకా అలవాటు కాలేదు.

నీ
పురుగు

---

అత్తా,

ఇది కుడి చేత్తో. కోడి అదే, కాలు మారింది.

నీడ పెరగలేదు. చెయ్యి పూర్తిగా చాపడం ఎప్పటికీ రాకపోవచ్చన్నారు. నోటి దాకా మాత్రం వస్తోంది. ముక్కు మీద దురద పెడితే గోక్కున్నాను, నాన్న చప్పట్లు కొట్టాడు. గ్రంథాలయానికి వెళ్తే పెద్దాయన నా చేతికి చిన్న చిరుగున్న కాగితం ఒకటి ఇచ్చి అతికించమన్నాడు. అతికించాను. వెలుగుకి పట్టి చూశాడు, "కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా విరిచి తెరిచే రకం కాదు నువ్వు" అన్నాడు. సోమవారం చేరమన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే నాన్న నా ముంజేతిని అరచేతుల మీద మోస్తాడు, అంతే. వంచడు. విజిల్ ఊదడు. ఒక్కోసారి నేను వంచుతుంటే ఆయన వేళ్లు బిగుస్తాయి. "నాన్నా, నీ చెయ్యి వదులు చెయ్యి" అంటాను. "అయ్యవారికి పాఠాలా!" అంటాడు. అని, వదులు చేస్తాడు.

నిన్న పెట్టె కోసం మళ్లీ అటకెక్కాను. మెట్టుకి నాన్నే కొత్త మేకులు కొట్టాడు. ఎక్కబోతుంటే నిచ్చెన రెండు వైపులా పట్టుకుని, "ఏం చెప్పాలన్నా కర్త, కర్మ, క్రియ మూడూ పెట్టి చెప్పు" అన్నాడు.

పైమెట్టు ఎక్కాను. ఊగలేదు. అయినా చెప్పాను, గట్టిగా, వీధిలోకి వినపడేలా.

"నాన్నా, నేను పెట్టె దించుకుని సోమవారం వెళ్తున్నాను. నువ్వు నిచ్చెన పట్టుకునే ఉండు."

వంగి చూశాను. తల దించుకుని ఉన్నాడు. పట్టుకునే ఉన్నాడు.

నీ
పురుగు