హబ్రా

1955 జూన్ 4. ఆదోని.
మబ్బు. పడమటి గాలి. వానకు కారకుండా మిద్దె మీద చౌడు మన్ను పరిచి తొక్కినాను. రత్నమ్మ ఎమ్మిగనూరులో, పుట్టింట్లో. ఎనిమిదో నెల. ఉయ్యాల అటక మీదే ఉంది. దించలేదు.

జూన్ 5.
చర్చి అయినాక స్పెయిన్ ఫాదరు దగ్గర కూర్చున్నాను. ఆయన ఇచ్చిన వాళ్ల భాష పుస్తకంలో ఒక మాట దగ్గర ఆగిపోయినాను. హబ్రా. ఇక ముందు ఉండబోయేదానికి ఆ మాట.
"ఉంటాడు అనా, ఉంటుంది అనా?"
"ఏదైనా అదే. ఒకరైనా, పదిమందైనా. మీ తెలుగే కష్టమప్పా, నోరు తెరిచేలోపల ఆడో మగో తేల్చుకోవాల. వచ్చిన కొత్తలో 'బావిలో నీళ్లు ఉంటాడు' అంటే ఊరంతా నవ్వినారు."
ముందు హ రాస్తారు. పలకరు. అబ్రా.

జూన్ 6.
మొదటి కాన్పుకు "ఆడపిల్లే ఉంటుంది" అన్నది మా అత్త. రెండోసారి "మనకు కొడుకు ఉంటాడు" అన్నది నేను. ఇద్దరూ లేరు.
అంటే బిడ్డ నిలవదని, ఇప్పుడు ఆ మాటలు ఇంట్లో ఎవరూ అనరు. ఉప్పు యాడ అంటే కూడా "గూట్లో ఉంటుంది" అనదు రత్నమ్మ. "గూట్లో చూడు" అంటుంది.

జూన్ 8.
ఉక్క. మిల్లులో లెక్కలు రాస్తూ పక్కన హబ్రా అని రాసినాను. గుమాస్తా చూసినాడు.
"ఎవురప్పా ఈ సాయిబు? కొత్త బేరగాడా?"
"కాదు."
"మరి యాడోడు?"
కొట్టేయడానికి చెయ్యి రాలేదు.

జూన్ 11.
ఎమ్మిగనూరు పోయివచ్చినాను. రత్నమ్మకు కాళ్ల వాపు.
"బిడ్డ గురించి ఎవురితోనన్నా ఏమన్నా అంటివా?" అన్నది.
"లేదు."
"మనసులో?"
ఆమె చెవి దగ్గర, చిన్నగా అన్నాను — అబ్రా.
"ఏంది అది?"
"ఫాదరు వాళ్ల మాట. ఆడా కాదు, మగా కాదు."
"నీ మాదిరే. ఒక ముక్క అర్థం కాదు."
నవ్వింది. ఎన్నాళ్లకో. మళ్లీ అనమన్నది.

జూన్ 14.
తెల్లవారి వాన. లోపలి గదిలో పిల్ల ఏడుపు. పోయి చూసినాను — ఎవరూ లేరు. వీధిలోనూ లేరు. మొదటిదాని గొంతే. రెండోవాడు ఏడవనే లేదు.

జూన్ 16.
వాన. మిద్దె ఒక మూల కారుతోంది. బావమరిది పొద్దున బస్సుకు వచ్చినాడు. తడుస్తూ వాకిట్లోనే నిలబడినాడు.
"బావా, అక్కకు నొప్పులు. నిన్ను రమ్మంటాంది."
"ఇంకా నెల ఉంది గదా."
"ఒకటే మాట అంటాంది బావా. అబ్రా, అబ్రా అని. ఎవుర్నో పిలుస్తాంది అంటాంది మంత్రసాని. ఎవురు బావా అది?"
వాణ్ని లోపలికి పిలిచి తువ్వాలు ఇచ్చినాను. వాడు తల తుడుచుకునేలోపల ఇది రాస్తున్నాను. చౌడు తట్ట మెట్ల మీదే తడుస్తోంది. కారే చోట గిన్నె పెట్టినాను. అటక కింద నిచ్చెన వేసినాను. ఉయ్యాల దించి పోతాను.