నా షేరు పడినందుకు సంతోషం

మంగళవారం, రాత్రి

ఈరోజు నా ఆయిల్ కంపెనీ షేరు బాగా పడింది. ఇంత సంతోషంగా నష్టపోవడం నాకిదే మొదటిసారి.

గల్ఫ్‌లో గొడవ మొదలైన దగ్గర్నుంచి చమురు ధర పెరిగి నా షేరు పైకి పోతూ వచ్చింది. పెయింటుకి ముడిసరుకు ఆ చమురు నుంచే రావాలట, అందుకని మా ఆయన కొన్న పెయింట్ కంపెనీ షేరు దిగిపోతూ వచ్చింది. ఆయన రోజూ స్టీల్ ప్లాంట్ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చేవారు. లాభం నాదే అయినా నాకు నిద్ర ఉండేది కాదు. మా తమ్ముడు శ్రీను పనిచేసే ఆయిల్ ట్యాంకరు ఆ సముద్రంలోనే ఆగిపోయింది. నిన్నటిదాకా వాడి ఫోన్ కలవలేదు.

పొద్దున కాల్పులు ఆగాయని టీవీలో చెప్పారు. మార్కెట్ తెరవగానే ఆయన ఫోన్ చూసి, "నా పెయింటు లెగిసింది. నీది ములిగిపోతంది, అమ్మేద్దామేటి?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే శ్రీను ఫోన్ చేశాడు.

"అక్కా, మా ఓడ కదిలింది. ఏటి సేత్తన్నావ్?"

"దోసెలేత్తన్నాను," అన్నాను. అంటూనే ఏడ్చేశాను.

"మాడిపోతాయి, సూసుకో," అన్నాడు నవ్వుతూ. పెనం మీది దోసె అప్పటికే మాడిపోయింది.

సాయంత్రం ఆయన హార్బరు నుంచి కోనెం చేప తెచ్చారు. పులుసు బాగా కుదిరింది.

ఓడ మళ్ళీ అదే దారిన వెళ్లాలా అని శ్రీనుని అడగడం మర్చిపోయాను. మర్చిపోయానని రాస్తున్నాను గానీ, అడగాలనిపించలేదు. రేపు అడుగుతాను. ఈ రాత్రికి హాయిగా పడుకుంటాను.