ఆరు నెలల భత్యం

దేవరుప్పుల,
మంగళవారం.

చిరంజీవి నరేందర్‌ను దీవించి నీ కన్నతల్లి, నీ యాడి రాయునది. ఇక్కడ మీ బాపు, నీ చెల్లె దీప, నేను బాగానే ఉన్నాం. నువ్వు సరిహద్దులో ఎలా ఉన్నావో నీ చేతిరాత చూస్తే తప్ప మాకు తెలియదు. మన తండా మాటకు లిపి లేదు గనుక ఎప్పటిలాగే తెలుగులో రాస్తున్నాను.

మీ బాపు మోకాలి గురించి అడిగావు. జనగామ దవాఖానలో చూపించాం. ఇప్పుడు కర్ర లేకుండానే చేనుకు పోతున్నాడు. దీప పరీక్షలు రాసింది. గ్యాస్ బండ దొరక్క కట్టెల పొయ్యి మీదే వండుతున్నాను. మంచినూనె ధర వింటేనే గుండె గుబేలుమంటోంది.

జీతం పెరిగిందట, నిజమేనా అని కూడా అడిగావు. నిజమే. యుద్ధం వల్ల ధరలు మండుతున్నాయని మాలాంటి సర్కారు ఉద్యోగులకు ప్రత్యేక కరువు భత్యం ఇచ్చారు. ఆ జీవో వచ్చిన రోజు మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ స్పందన దాన్ని పైకి చదివింది.

"అక్కా, ఆరు నెలల దాకా ఇస్తరట! అవసరమైతే ఇంకా పొడిగిస్తరట!"

అందరూ చప్పట్లు కొట్టారు. చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని ఉన్నాను. దాన్ని అక్కడే బల్ల మీద పెట్టేశాను. యుద్ధం వారంలో అయిపోతుందన్న టీవీ మాటే నమ్ముకుని ఉన్నాను. సర్కారే ఆరు నెలలని కాగితం మీద రాసిందంటే వాళ్లకు ఏదో తెలిసే ఉంటుంది కదా?

"ఏందక్కా, మొకం గట్ల పెట్టినవ్? పైసలు వద్దా?" అంది స్పందన.

"ఆరు నెలలు లడాయి అయితదా బిడ్డా?"

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఆఫీసు ఫోను మోగితే నీ గురించి ఏ చెడు కబురోనని బయటికి వెళ్లిపోయేదాన్ని. తండాలోకి తెలియని జీపు వస్తే తలుపు వేసుకున్నాను.

ఇంతసేపూ దాటేసిన మాట ఇప్పుడు రాస్తున్నాను. గురువారం అందరూ భోజనాలకు పోయినప్పుడు బీరువా తీసి, తెల్లకాగితం మీద ఆఫీసు ముద్ర కొట్టాను. నరేందర్ తల్లి చావుబతుకుల్లో ఉంది, వెంటనే పంపగలరని మీ పెద్దాఫీసరుకు రాశాను. కింద మా సూపరింటెండెంట్ ప్రేమ్‌చంద్ సారు సంతకం నేనే గీశాను. ఇక్కడ పోస్టులో అందరూ ఎరిగినవాళ్లేనని జనగామ పోయి వేసి వచ్చాను. బస్సులో వస్తుంటే సంతోషంగానే ఉంది. ఇల్లు చేరాక తట్టింది. ఆ మాట విని నువ్వేమైపోతావు? నన్నే తలుచుకుంటూ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే?

మీ బాపుకు చెప్పలేదు. ఈ పొద్దున సారుకు చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"కొలువు పోతది, ఎరుకేనా కళావతీ?"

"ఎరుకే సార్."

"కొడుక్కు చెప్పినవా?"

"లేదు సార్."

"ముందు వానికి గది రాయి. మెమో సంగతి రేపు చూద్దాం."

ఆయన బల్ల దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. ఏ కాగితం ముందు అందుతుందో తెలియదు. నాకు ఏ జబ్బూ లేదు బిడ్డా, భయమే. ఒకవేళ సెలవిస్తే ఏం చేయాలో నువ్వే తేల్చుకో. మీ ఆఫీసరుకు నిజం చెప్పేయమని రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తీరా ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు.

ఇట్లు,
నీ యాడి
కళావతి