మంచెకు బిగించిన తీగ

సారక్కకు తమ్ముడు యాకయ్య దండాలు.

నువ్వు, బావ, పిల్లలు బాగున్నారు కదా? బావ నడుము నొప్పి తగ్గిందా? దవాఖానకు మళ్లీ తీసుకెళ్లావా? ఇక్కడ పోలండ్‌లో నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను. చలికి చేతులు పగిలాయి, అంతే. నువ్వు పంపిన కారం అడుగంటింది. ఈసారి జర ఎక్కువ పంపు.

పని మారింది. అడవిలో వేటగాళ్లు కూర్చునే మంచెలు బాగుచేస్తున్నాను. మన రేగొండ చేలల్లో పెరిగిన వాడికి మంచెల పని నేర్పుతారా అని నవ్వుకున్నాను. మొదటిరోజే మా ముసలి మేస్త్రీ నా పొగరు దించాడు. మంచెను పట్టి ఉంచడానికి చెట్టుకు చుట్టిన పట్టీ ఒకటి చూపించాడు. ఏళ్లుగా ఎవరూ దాన్ని వదులు చేయలేదట. చెట్టు లావెక్కేసరికి పట్టీ బెరడులోకి దిగిపోయింది, పైన కొమ్మలు ఎండిపోయాయి. ఆయన ఒక్కసారి లాగితే ఆ పట్టీ పుటుక్కున తెగింది. అందుకే ఏటా ప్రతి పట్టీ విప్పి చూసి, మళ్లీ కడతాం.

అది చూడగానే మన మంచె గుర్తొచ్చింది. మన మక్కచేనులో వేపచెట్టుకు మంచె కట్టింది నేనే కదా! బాపు ఏటా పంట కోశాక పాత తాళ్లు విప్పేసి, కొత్తవి కట్టేవాడు. "గీ తిప్పలెందుకు బాపూ? ఇనుప తీగ బిగిస్తే ఇరవై ఏండ్లు కదలదు" అన్నాను. బాపు పోయాక అన్నంత పనీ చేశాను. వేప పైన ఎండుతోంది, చెదలేమో అని మొన్న ఫోన్‌లో అన్నావు. చెదలు కాదక్కా, నా తీగ.

అది చెప్పబోతే నవ్వేశావు. "గంత దూరం పోయి మంచె గురించి పరేషానైతున్నవా తమ్మీ? కంకి పట్టింది, పందులు ఊకుంటయా? మీ బావ నడుముతోని ఎక్కలేడు. నేను ఎక్కకుంటె ఎవరెక్కుతరు?" అని ఫోన్ పెట్టేశావు. ఈ కాగితాన్ని అట్లా పెట్టేయలేవు.

మహబూబాబాద్ దోస్తు ఒకడు ఎల్లుండి ఇంటికి బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరంతో పాటు, మేం ఎత్తులో పనిచేసేటప్పుడు పడకుండా నడుముకు కట్టుకునే బెల్టు ఒకటి వాడి చేతికి ఇస్తున్నాను. ముందు ఆ మంచె విప్పించు. నాలుగు గుంజలు పాతించి, తాళ్లతో కొత్తది కట్టించు. అప్పటిదాకా పందులను తరమడానికి కింద నిలబడే రేకు డబ్బా కొట్టు. కొత్తది ఎక్కేటప్పుడు నేల మీదే బెల్టు వేసుకుని, దాని తాడు గుంజ చుట్టూ తగిలించి, ఎక్కుతున్నకొద్దీ పైకి జరుపు. దిగేదాకా విప్పకు.

చిన్నప్పుడు మంచె మీద నాకు కునుకు పడితే, నీ ఓణీ కొస నా నడుముకు కట్టి, రెండో కొస నీ చేతికి చుట్టుకుని కూర్చునేదానివి. ఇంటికి వచ్చాక చూస్తే నీ మణికట్టు వాచి ఉండేది. నేను పడకుండా నువ్వు కట్టావు. నువ్వు పడేలా నేను కట్టాను. నన్ను మన్నించు అక్కా.

బెల్టు వేసుకుని ఫోటో పంపు. అది చూసేదాకా నాకు ముద్ద దిగదు. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నాకు కావాలి.

నువ్వు ఓణీతో కట్టి కాచిన తమ్ముడు,
యాకయ్య