నాన్న పంపిన వాతావరణం

ఓలెసుండ్,
ఫిబ్రవరి 9, గురువారం.

చిరంజీవి అస్లాక్‌కు,

అక్క టోరున్ దీవెనలు. నువ్వూ, హేగె, పాపా బెర్గెన్ వానల్లో కూడా చల్లగా ఉన్నారని తలుస్తాను. పాపకి దగ్గు తగ్గిందా? నేను క్షేమమే. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, ఎందుకంటే నాన్న క్షేమంగా లేడు.

నాన్న పడిపోయాడని, తుంటి ఎముక విరిగిందని, ఆపరేషన్ అయిందని పక్కింటి బెరిట్ పిన్ని నీకు ఫోన్ చేసి చెప్పిందట. ఎందుకు పడ్డాడో ఆవిడకి తెలియదు. అది నేనే చెప్పాలి. నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు గనక ఇలా రాస్తున్నాను. ఎత్తకపోవడంలో నీ తప్పేమీ లేదు.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మేం వెబ్ పేజీలు తయారుచేస్తాం. పేజీ అడిగినదానికి జవాబు చెప్పాల్సిన అసలు సర్వర్ ఇంకెక్కడో, ఇంకెవరి చేతుల్లోనో తయారవుతూ ఉంటుంది. అది వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోలేం కదా, దాని బదులు ఒక ఉత్తుత్తి సర్వర్ పెట్టుకుంటాం. ఇలా అడిగితే ఇలా జవాబివ్వు అని ముందే రాసిపెడతాం. నాటకం రిహార్సల్‌కి రాజు వేషగాడు రాకపోతే ఎవరో ఒకరిని నిలబెట్టి మాటలు చెప్పించుకున్నట్టు. మా టీం పెద్ద సిల్యె కొత్తగా చేరినవాళ్లకి మొట్టమొదట చెప్పే మాట, “దాన్ని నమ్మకండర్రా, అది మనం నేర్పిన చిలక. పేజీ మనుషుల చేతికి వెళ్లేలోపు దాన్ని పీకెయ్యాలి” అని.

నేను ఆ చిలకని మన నాన్నకే ఇచ్చాను.

మన దీవి చివర లైట్‌హౌస్ దగ్గర వాతావరణ ఆఫీసు వాళ్లు యంత్రం పెట్టాక, ఇక మనుషులు కొలతలు పంపనక్కర్లేదని నాన్నకి మర్యాదగా చెప్పి, పూలగుత్తి కూడా ఇచ్చారు. అమ్మ బతికున్నప్పటి నుంచీ చేస్తున్న పని అది. రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, తెల్లపెట్టెలోని థర్మామీటరులో వేడి ఎంతుందో చూసి, వాన గొట్టం కొలిచి, మబ్బు చూసి, లోపలికొచ్చి ఆఫీసు వాళ్ల వెబ్ పేజీలో నింపి పంపితేగానీ కాఫీ ముట్టేవాడు కాదు. పేజీ మూసేసిన మర్నాడు నాకు ఫోన్ చేసి, ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోవడం లేదు, నువ్వు ఇంటర్నెట్ మనిషివి కదా చూడు, అన్నాడు. మర్చిపోయాడో, ఒప్పుకోలేకపోయాడో నాకు అర్థం కాలేదు. ఆ గొంతు విని తట్టుకోలేకపోయాను.

వారాంతంలో వెళ్లి అచ్చం ఆ పేజీలాంటిదే తయారుచేసి ఆయన కంప్యూటర్‌లో పెట్టాను. వెనకాల నా ఉత్తుత్తి సర్వర్. ఏం పంపినా “అందింది, ధన్యవాదాలు” అంటుంది. అంతే, ఇంకేమీ అనదు. ఆఫీసులో అయితే ఇలా చెయ్యను. అంకె తప్పయితే ఎర్ర అక్షరాలతో తిరగ్గొట్టే జవాబూ, ఆలస్యంగా వచ్చే జవాబూ, అసలు రాని జవాబూ, అన్నీ రాస్తాను. నాన్నకి అంత ఎందుకులే అనుకున్నాను. తాన అంటే తందాన అంటే చాలనుకున్నాను.

అప్పుడే నీకు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాను. నువ్వు నవ్వలేదు.

“అక్కా, ఆయన పసివాడు కాదు. నిజం చెప్పు, రెండు రోజులు బాధపడతాడు, ఊరుకుంటాడు. ఇలా ఆడించకు” అన్నావు.

దగ్గరుండి చూసేది నేను, బెర్గెన్‌లో కూర్చుని సలహాలిచ్చేది నువ్వు, అని నేనేమేం అన్నానో నాకు గుర్తుంది. నీకూ గుర్తుండే ఉంటుంది. క్షమించు.

ఇక ఆ రోజు సంగతి. వారాంతానికి వెళ్లినదాన్ని తుఫాను వల్ల అక్కడే చిక్కుకుపోయాను. ఫెర్రీ ఆపేశారు. పెరడంతా అద్దంలా గడ్డకట్టింది. నేను వంటింట్లో రొట్టె మీద జున్ను పెడుతున్నాను. నాన్న బూట్లు వేసుకుంటున్నాడు.

“ఈ ఒక్కరోజుకీ మానెయ్ నాన్నా” అన్నాను.

“ఎలా మానేస్తానే? చూసేవాళ్లుంటారు కదా” అన్నాడు.

ఆ క్షణంలో ఒక్క మాట చాలు, అస్లాక్. అవతల ఎవరూ లేరు నాన్నా, అది నేను పెట్టిన బొమ్మ. నోటిదాకా వచ్చింది. మింగేశాను. తలుపు తీస్తే గాలి బల్ల మీది కాగితాలన్నీ లేపేసింది, వాటిని ఏరుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపటికీ రాకపోతే వెళ్లి చూశాను. తెల్లపెట్టె పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. అరవడం లేదు. గాలి పడమర నుంచి అని నాతో చెప్పాడు.

బెరిట్ పిన్నీ నేనూ దుప్పటి మీద పడుకోబెట్టి లోపలికి లాక్కొచ్చాం. హెలికాప్టర్ రాలేనంది. రక్షణ పడవ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అంతసేపూ నా చెయ్యి పట్టుకుని, నీకు చలేస్తోందా అని నన్ను అడుగుతున్నాడు.

ఎవరికీ అక్కర్లేని అంకె కోసం మన నాన్న మంచులో పడి ఉన్నాడు. పంపింది నేను. మళ్లీ నడుస్తాడో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. చేపలు ఉడికించి తీసుకెళ్తే రెండు ముక్కలు తిని, ఇవాళ కొలతలు పంపావా అని నిన్న అడిగాడు. పంపానన్నాను. అబద్ధం మీద ఇంకో అబద్ధం.

రేపు పొద్దున చెప్పేస్తాను. చెప్పకుండా ఈ ఉత్తరం పోస్టు చెయ్యను. కోప్పడితే నీ దగ్గరైనా తలదాచుకోనిస్తావా?

హేగెకి నా ప్రేమ, పాపకి ముద్దులు.

నీ మీద అరిచిన, నువ్వే సరైనవాడివని ఇప్పుడు ఒప్పుకుంటున్న,
అక్క
టోరున్

తా.క. శుక్రవారం, ఆసుపత్రి మెట్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. చెప్పాను. నాన్న ఆశ్చర్యపోలేదు. ఆయనకి మొదటి వారంలోనే తెలిసిపోయిందట. మైనస్ నాలుగు కొట్టబోయి నలభై అని కొట్టాడట. మంచు కురుస్తున్న రోజు నలభై డిగ్రీలంటే కూడా థాంక్స్ చెప్పిందంటే అది ఆఫీసు కాదు, మా టోరునే, అనుకున్నాడట.

అయితే ఎందుకు పంపుతూ వచ్చావు అని అడిగాను.

“ఆ పేజీ కింద వ్యాఖ్యల డబ్బా ఉందిగా. నీతో ఫోన్‌లో చెప్పలేనివి అందులో రాసేవాణ్ణి. మీ అమ్మ గురించి, నువ్వూ తమ్ముడూ పోట్లాడుకోవడం గురించి. రోజూ చదువుతున్నావు కదా అని ధైర్యం” అన్నాడు.

అస్లాక్, ఆ చిలక ఏదీ చదవదు. ఏదీ దాచదు. వచ్చింది వచ్చినట్టు పారేసేలా రాశాను. ఈసారి మింగలేదు, ఆ మాట కూడా చెప్పేశాను. పోనీ ఇప్పుడు చెప్పు నాన్నా అని బతిమాలాను. “ఏ రోజువి ఆ రోజుకే అమ్మా, ఇప్పుడేం గుర్తుంటాయి” అని కళ్లు మూసుకున్నాడు.

వచ్చే వారం శనివారం పడవకి రా. ఏ ఒక్కటి గుర్తొచ్చినా, వినడానికి ఇద్దరం పక్కన ఉండాలి.