పదిహేను మిల్లీమీటర్ల పైపు

బర్న్‌లీ,
నవంబరు 6, సోమవారం

ప్రియమైన చెల్లి ఐవీకి,

ఈ ఉత్తరం అందగానే ముందు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెనకున్న గ్యాసు వాల్వు కట్టెయ్యి. తర్వాత కూర్చుని మిగతాది చదువు. పొద్దున రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ "సరేలే అన్నయ్యా, నీ మాత్రలు వేసుకున్నావా?" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద ఉన్నదాన్ని పెట్టెయ్యలేవు.

నిన్న టీ కోసం కెటిల్ పెట్టి, కప్పులు కడగడానికి వేడినీళ్ళ పంపు తిప్పావు. కొత్త బాయిలర్ అంటుకుంది. ఆ క్షణమే కెటిల్ కింద మంట ముడుచుకుపోయి నీలం పూసల్లా మిగిలింది. పంపు కట్టగానే మళ్ళీ లేచింది. నువ్వు కేకు కోస్తూ చూడలేదు. నేను చూశాను.

పాత బాయిలర్ తొట్టెడు నీళ్ళు నింపుకుని నిదానంగా కాచేది. కొత్తది పంపు తిప్పినప్పుడే అప్పటికప్పుడు కాచాలి. రెండింతల గ్యాసు ఒక్కసారిగా లాగుతుంది. పైపు మాత్రం పాతదే, పదిహేను మిల్లీమీటర్లు. గ్యాసు మీటరు నుంచి మెట్ల కిందుగా ఆరు మీటర్లు, దారిలో మలుపు తిప్పే ఎల్బోలు నాలుగు. ఒక్కో ఎల్బో అర మీటరు పైపుతో సమానం. మొత్తం ఎనిమిది మీటర్ల లెక్క. ఇరవై రెండు మిల్లీమీటర్ల పైపు వేసి తీరాలి. బాయిలర్ బిగించి, అది వెయ్యకుండా పోయాడు ఆ హెడ్లీ క్రాబ్‌ట్రీ.

ఆ పొయ్యి అమ్మ నాటిది. మంట ఆరితే గ్యాసు దానంతటది ఆగదు. నువ్వు స్నానానికి నీళ్ళు వదులుతావు, కింద మంట ఆరిపోతుంది. పంపు కడతావు, గ్యాసు తిరిగి వస్తుంది, మంట రాదు. వాసన వస్తుందిలే అనుకోవడానికి లేదు. మూడేళ్ళ కిందటి జ్వరం తర్వాత నీ ముక్కుకు కాలిన రొట్టె కూడా తెలియడం లేదు. పొద్దుటి నుంచి ఇదే ఆలోచన. పుస్తకం పట్టుకుంటే చదివిన పేజీనే మళ్ళీ చదువుతున్నాను.

నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మంట ముడుచుకోగానే నాకు కలిగింది భయం కాదు ఐవీ, సంతోషం. ఇరవై రెండేళ్ళ కిందట, మేమిద్దరం భాగస్వాములుగా ఉన్నప్పుడు, పైపుల దుకాణంలో పదకొండుమంది పనివాళ్ళు వింటుండగా హెడ్లీ అన్నాడు: "ఎడ్గర్‌వి తాతల కాలం లెక్కలు. అతను పైపు వేస్తే వెనకాలే నేను వెళ్ళి చూసుకోవాలి." అందరూ నవ్వారు. ఏడాది తిరక్కుండా కంపెనీ అతనిదైంది, నేను ఇంట్లో కూర్చున్నాను. రోమను చక్రవర్తుల చరిత్ర మూడుసార్లు చదివాను. అన్నేళ్ళు కాచుకుని పగ తీర్చుకున్నవాడు అందులో కూడా కనిపించలేదు. నీ కేకు తింటూ మనసులో ఫిర్యాదు రాసుకున్నాను. నువ్వు ప్రమాదంలో ఉన్నావన్న సంగతి ఇంటికి వచ్చాక గానీ తట్టలేదు.

ఫిర్యాదు ఇవాళ పొద్దున, గ్యాసు పనివాళ్ళకు లైసెన్సులిచ్చే రిజిస్టరు ఆఫీసుకు పంపేశాను. అతని లైసెన్సు పోతుంది. శుక్రవారం రెండింటికి గ్యాసు ఒత్తిడి కొలిచే గేజు తీసుకుని వస్తాను. అతన్ని కూడా రమ్మను. అందాకా పొయ్యి ముట్టుకోకు.

నీ క్షేమం కోరే అన్నయ్య,
ఎడ్గర్


బర్న్‌లీ,
నవంబరు 11, శనివారం

హెడ్లీకి,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. ఉంచితే అబద్ధంలా ఉంది, తీసేస్తే కోపంలా ఉంది. నీకు ఏది నచ్చితే అది అనుకో.

నిన్న నేనన్న మాటలు మళ్ళీ రాస్తున్నాను. వెనక్కి తీసుకునేవాడు ముందు వాటిని ఎదురుగా పెట్టుకోవాలి. పొయ్యీ పంపూ రెండూ తిప్పి చూస్తే గ్యాసు ఒత్తిడి మీటరు దగ్గర ఇరవై ఒక్క మిల్లీబార్లు, బాయిలర్ దగ్గర పదహారు. ఒకటి కంటే ఎక్కువ పడకూడని చోట అయిదు పడింది.

"తాతల కాలం లెక్క ఏమంటోంది హెడ్లీ? కళ్ళజోడు తెచ్చుకున్నావా, నన్ను చదివి పెట్టమంటావా?" అన్నాను.

"తెచ్చుకున్నాను ఎడ్గర్," అన్నావు.

"మా చెల్లెల్ని చంపుదామనుకున్నావా?"

నువ్వు ఐవీ వైపు చూశావు. ఐవీ టీకుండ వైపు చూసింది. "పైపు మార్చాలి, నిజమే," అని మాత్రం అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు. తప్పు చేశావు కాబట్టి నోరు పెగల్లేదనుకున్నాను.

నీ వ్యాను మలుపు తిరిగిందో లేదో, ఐవీ నా చేతిలోంచి గేజు లాక్కుంది.

"కూర్చో అన్నయ్యా. కూర్చోమంటున్నానా!"

సొరుగులో బల్లగుడ్డల కిందనుంచి ఒక ఎర్ర చీటీ తీసింది. దారం ఇంకా దానికే ఉంది. "ప్రమాదం. వాడరాదు." దాంతోపాటు నీ చేతిరాత కాగితం: పొయ్యి వాల్వు మూసి చీటీ కట్టాము, వేడినీళ్ళు ఆపాము, గదులు వెచ్చబెట్టడం సగానికి తగ్గించాము, పైపు మార్చడానికి ఇంటామె ఒప్పుకోలేదు. కింద ఐవీ సంతకం.

"ఒప్పుకోలేదా? నీకేమైనా మతిపోయిందా?" అన్నాను.

"ముప్పై అయిదేళ్ళ కిందట ఆ పైపు వేసినప్పటి నుంచి నా బల్ల దగ్గర ఏం మాట్లాడతావు నువ్వు? 'ఆ పైపు చూడవే ఐవీ, ఒక్క వంకర లేదు, నేను పోయినా అది ఉంటుంది.' చర్చిలో దేవుడి గురించి కూడా అన్నిసార్లు వినలేదు! దాన్ని హెడ్లీ కోసి పారేస్తే ఆ మాట నీకు ఎవరు చెప్పాలి? నేనా?"

"మరి ఆదివారం?"

"నువ్వు టీకి వస్తున్నావుగా. చీటీ చూస్తే ఏమైపోతావోనని విప్పేశాను. వాల్వు నేనే తిప్పాను, వేడినీళ్ళ బటను నేనే నొక్కాను. అతను ఎలక్ట్రిక్ పొయ్యి కూడా ఇచ్చి వెళ్ళాడు, అదిగో గోడకు తగిలించిన కోట్ల వెనక. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఎన్ని తిట్టావు అన్నయ్యా! ఒక్క మాట జారాడా?"

నా పైపు ఆనాటి బాయిలర్‌కు సరిపోయింది. నా లెక్క తప్పలేదు. ఇంటికి వచ్చాక కాగితం మీద మూడుసార్లు వేసి చూసుకున్నాను. అయినా మనసు కుదుటపడలేదు. నా చెల్లెలు గ్యాసుకు భయపడలేదు హెడ్లీ, నా గొప్పకు భయపడింది. ఆ భయాన్ని ఏ పైపుతో సరిచెయ్యాలో నాకు తెలియదు.

ఆఫీసుకు ఫోను చేశాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కుదరదట, మంగళవారం పదింటికి ఇన్స్పెక్టరు వస్తాడట. ఆ కాగితమూ చీటీ నా దగ్గరే ఉన్నాయి, నేనే తెస్తాను. చీటీ ఎవరు విప్పారని అడిగితే నువ్వు మాట్లాడకు. ఐవీ విప్పింది, నావల్ల విప్పింది అని నేను చెబుతాను. నేను రాసిన ఫిర్యాదు తప్పని ఆయన ముందే సంతకం పెడతాను.

దుకాణంలో నువ్వన్న మాట మాత్రం క్షమించలేదు. అది వేరే తగవు. మనిద్దరికీ ఓపిక ఉన్నన్నాళ్ళు పోట్లాడుకోవచ్చు.

ఇరవై రెండు మిల్లీమీటర్ల పైపు వెంట తెచ్చుకో. ఆయన వెళ్ళగానే మీటరు దగ్గర గ్యాసు కట్టేద్దాం. మోకాళ్ళు నాకు వంగవు, మెట్ల కింద దూరి పడుకోవలసింది నువ్వే. నా పాత పైపు మీద మొదటి కోత మాత్రం నన్ను కొయ్యనివ్వు. చెయ్యి వణుకుతుంది, పైపు నువ్వు పట్టుకో.

ఎడ్గర్ థ్రెల్ఫాల్